మైనింగ్ యంత్రాల విద్యుత్ భద్రత: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

క్రిప్టో మైనింగ్ యంత్రాల (బిట్‌కాయిన్ వంటి డిజిటల్ నాణేలు సంపాదించడానికి ఆగకుండా లెక్కలు చేసే కంప్యూటర్ల) విద్యుత్ భద్రత పరీక్షల గురించి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువమందికి పనికివచ్చే అయిదింటిని ఈ సంచికకు తీసుకున్నాం. వీటన్నింటికీ వర్తించే విషయం ఒకటి ముందుగా చెప్పాలి. ఇంట్లో వాడే హీటరు గానీ ఇస్త్రీపెట్టె గానీ కాసేపు పనిచేసి ఆగిపోతుంది. మైనింగ్ యంత్రం మాత్రం పూర్తి లోడు మీద రాత్రింబవళ్లు నెలల తరబడి, చాలాసార్లు పక్కన మనిషి లేకుండానే నడుస్తుంది. మామూలు పరికరంలో ఏళ్ల తరబడి బయటపడని చిన్న లోపం ఇందులో కొన్ని వారాల్లోనే ముదురుతుంది. కింది జవాబులన్నీ ఈ సంగతిని దృష్టిలో పెట్టుకుని రాసినవే.

ప్రశ్న: వాడిన యంత్రాలు కొన్ని కొన్నాను. ప్రతిదాని మీదా సీఈ గుర్తు ఉంది. ఫ్యాక్టరీలో అన్ని పరీక్షలూ అయ్యాయని అమ్మిన వ్యక్తి అంటున్నారు. మళ్లీ పరీక్ష చేయించాల్సిన అవసరం ఉందా?

జవాబు: తప్పకుండా చేయించాలి. సీఈ గుర్తు విలువ ఎంతో ముందు చూద్దాం. యూరప్ నిబంధనలకు తన వస్తువు లోబడి ఉందని తయారీదారు తానే ప్రకటించుకుని వేసుకునే గుర్తు అది. ఇలాంటి పరికరాల విద్యుత్ భద్రత విషయంలో, ఆ గుర్తు వేయడానికి బయటి ప్రయోగశాల ఏదో పరీక్షించి తీరాలన్న నియమం లేదు. యూఎల్ వంటి సంస్థల గుర్తు వెనక స్వతంత్ర పరీక్ష ఉంటుంది కాబట్టి దాని బరువు వేరు. అయితే చాలాసార్లు ఆ గుర్తు పవర్ సప్లైకి మాత్రమే వర్తిస్తుంది, మొత్తం యంత్రానికి కాదు. లేబులు ఏ భాగం మీద ఉందో చూసుకోండి.

ఇక ఫ్యాక్టరీ పరీక్షల సంగతి. సమాచార సాంకేతిక పరికరాలకు ఇప్పుడు వర్తించే అంతర్జాతీయ ప్రమాణం ఐఈసీ 62368-1. పాత 60950-1 ప్రమాణం స్థానంలో ఇది వచ్చింది, యూరప్‌లో 2020 డిసెంబరు 20తో ఆ మార్పు పూర్తయింది. ప్రమాణం ప్రకారం నమూనా యంత్రాన్ని తీసుకుని ఇన్సులేషన్ బలం, ఎర్త్ అతుకు, లీకేజీ కరెంటు (మామూలు దారి తప్పి ఎర్త్‌లోకి జారే కరెంటు), వేడి, ఒక భాగం పాడైతే మిగతావి ఎలా ప్రవర్తిస్తాయి అన్నవన్నీ చూస్తారు. తర్వాత తయారయ్యే ప్రతి యంత్రానికీ కొన్ని పరీక్షలు మాత్రమే క్లుప్తంగా జరుగుతాయి. అంటే మీ చేతిలో ఉన్న యంత్రం ఫ్యాక్టరీ గేటు దాటిన రోజున ఎలా ఉందో ఆ కాగితాలు చెప్తాయి. ఆ తర్వాత దాన్ని ఎవరు విప్పారు, ఏ ఫ్యాను మార్చారు, పవర్ సప్లై లోపల ఎంత దుమ్ము చేరింది, ఏ చెమ్మలో పెట్టారు అన్నవి వాటిలో ఉండవు.

కాబట్టి వాడిన యంత్రానికి నాలుగు దశల పరీక్ష కావాలి, వాటి క్రమం కూడా ముఖ్యమే. మొదటిది కళ్లతో చూడటం. దీన్ని తేలిగ్గా తీసుకునేవాళ్లే ఎక్కువ, కానీ సగం లోపాలు ఇక్కడే దొరుకుతాయని నా అభిప్రాయం. ప్లగ్గు పిన్నుల మొదట్లో ప్లాస్టిక్ పసుపుపచ్చగానో గోధుమరంగుగానో మారిందా, తీగ ఎక్కడైనా గట్టిపడిందా, పవర్ సప్లై స్క్రూల తలలు అరిగి ఉన్నాయా, లోపల టేపు చుట్టిన అతుకులు ఉన్నాయా అన్నవి చూడాలి. స్క్రూ తల అరిగిందంటే ఎవరో విప్పారనే అర్థం.

రెండోది ఎర్త్ కొనసాగింపు. ప్లగ్గులోని ఎర్త్ పిన్ను నుంచి యంత్రం బాడీ మీద రంగు లేని లోహపు చోటు వరకు నిరోధం 0.1 ఓం దాటకూడదు, దానికి తీగ సొంత నిరోధం కలుపుకోవచ్చు. 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ మీటరుకు 0.013 ఓం దాకా ఉంటుంది కాబట్టి రెండు మీటర్ల తీగ వల్ల వచ్చే తేడా చాలా తక్కువ. మామూలు మల్టీమీటరు ఈ పనికి చాలదు. దాని సొంత తీగల నిరోధమే చూడాల్సిన విలువ కంటే ఎక్కువ ఉంటుంది. అంతకంటే పెద్ద చిక్కు ఏమిటంటే, ఎర్త్ తీగలోని పోగులన్నీ తెగి ఒక్క పోగు మిగిలినా అతి తక్కువ కరెంటుతో కొలిచే మీటరు బాగానే ఉందని చూపిస్తుంది. ఎర్త్ పరీక్షకు ప్రత్యేకంగా ఉన్న పరికరం 10 లేదా 25 ఆంపియర్లు పంపి కొలుస్తుంది కాబట్టి ఆ ఒక్క పోగు బండారం బయటపడుతుంది. యంత్రానికి రెండు తీగలు ఉంటే రెండింటినీ విడివిడిగా పరీక్షించాలి. పవర్ సప్లై డబ్బా నుంచి యంత్రం అసలు బాడీకి కూడా కొలవాలి, ఎందుకంటే అవి రెండూ స్క్రూలతోనే కలుస్తాయి.

మూడోది మెగ్గర్‌తో, అంటే అధిక వోల్టేజీ పెట్టి ఇన్సులేషన్ నిరోధం కొలిచే మీటరుతో, ఇన్సులేషన్ పరీక్ష. నెట్‌వర్క్ తీగ తీసేసి, ప్లగ్గులోని ఫేజ్, న్యూట్రల్ పిన్నులను ఒకటిగా కలిపి, వాటికీ ఎర్త్‌కూ మధ్య 500 వోల్టుల డీసీ పెట్టి కొలిస్తే కనీసం 1 మెగా ఓం రావాలి. పవర్ సప్లైలో మెరుపు దెబ్బల నుంచి కాపాడే భాగాలు ఎర్త్‌కు కలిపి ఉంటే అవి 500 వోల్టుల దగ్గర తప్పుడు విలువ చూపించవచ్చు, అప్పుడు 250 వోల్టులతో చేయాలి. 12 వోల్టుల వైపున్న హ్యాష్ బోర్డుల (మైనింగ్ లెక్కలు చేసే చిప్పులున్న బోర్డుల) మీద మాత్రం మెగ్గర్ పెట్టకండి, చిప్పులు పోతాయి. నాలుగోది, యంత్రాన్ని నడుపుతూ లీకేజీ కరెంటు కొలవడం. దాని గురించి తర్వాతి జవాబుల్లో వివరంగా ఉంది.

ఫ్యాక్టరీలో చేసే అధిక వోల్టేజీ పరీక్షను మీరు మళ్లీ చేయించకండి. 230 వోల్టుల పరికరానికి ఫేజ్ వైపు నుంచి ఎర్త్‌కు 1500 వోల్టుల ఏసీ పెట్టడం చాలాకాలంగా ఉన్న పద్ధతి. ఆ దెబ్బ తిన్న ప్రతిసారీ ఇన్సులేషన్ కొంత అలసిపోతుంది. పాత యంత్రం ఎంత గట్టిగా ఉందో తెలుసుకోవడానికి దాన్ని బలహీనపరిచే పరీక్ష ఎంచుకోవడం సరికాదు.

ప్రశ్న: యంత్రం బాడీని ముట్టుకుంటే చేతికి జివ్వుమంటోంది. టెస్టర్ పెడితే సన్నగా వెలుగుతోంది. కంప్యూటర్లకు ఇది మామూలేనని తెలిసిన ఎలక్ట్రీషియన్ ఒకరు చెప్పారు. నిజమేనా?

జవాబు: జివ్వుమనడం చాలాచోట్ల కనిపించే మాట నిజమే. అందువల్ల అది క్షేమమని అర్థం కాదు. మీ దగ్గర ఎర్త్ లేదని ఆ యంత్రం మీకు చెప్తోంది. దయచేసి ఈ జవాబు చదివిన వెంటనే ఆ యంత్రాన్ని ఆపి ప్లగ్గు తీసేయండి, మిగతా సంగతి తర్వాత చూడవచ్చు.

కారణం ఇది. పవర్ సప్లై లోపల కరెంటులోని రొదను వడగట్టడానికి ఫేజ్ నుంచి బాడీకి ఒకటి, న్యూట్రల్ నుంచి బాడీకి ఒకటి చిన్న కెపాసిటర్లు పెడతారు. వాటి గుండా పారే కొద్దిపాటి కరెంటు ఎర్త్ తీగలోంచి వెళ్లిపోవాలి. ఎర్త్ తెగితే దానికి దారి ఉండదు, బాడీ సరఫరాలో సగం వోల్టేజీ దగ్గర, అంటే 230 వోల్టుల సరఫరా మీద దాదాపు 115 వోల్టుల దగ్గర తేలుతూ ఉంటుంది. ముట్టుకున్నప్పుడు ఆ కరెంటు మీ ఒంట్లోంచి నేలకు పారుతుంది. ఒక్క యంత్రానికి అది చాలాసార్లు 1 మిల్లీ ఆంపియరుకు అటూ ఇటూగా ఉంటుంది కాబట్టి జివ్వుమనడంతో ఆగుతుంది. అదే ఇనుప ర్యాకు మీద పది యంత్రాలు ఆనుకుని ఉండి, ఆ వరస మొత్తానికి ఎర్త్ లేకపోతే పదింటి కరెంటూ కలుస్తుంది. చేతి కండరాలు బిగుసుకుని పట్టుకున్నది వదలలేని స్థితి చాలామందికి 10 మిల్లీ ఆంపియర్ల దరిదాపుల్లో మొదలవుతుంది.

ఇది చిన్న ప్రమాదం మాత్రమే. పెద్దది వేరే ఉంది. ఎర్త్ లేని యంత్రంలో రేపు ఫేజ్ తీగ ఒరుసుకుపోయి బాడీకి తగిలిందనుకోండి. ఎర్త్ ఉంటే ఆ క్షణంలోనే భారీగా కరెంటు పారి బ్రేకరు పడిపోయేది. ఎర్త్ లేదు కాబట్టి ఏమీ జరగదు, యంత్రం ఎప్పటిలాగే తిరుగుతూ ఉంటుంది, బాడీ మీద పూర్తి 230 వోల్టులు ఎవరో ఒకరు వచ్చి ముట్టుకునే దాకా అలాగే ఉంటాయి.

ప్లగ్గుతో తగిలించుకునే ఎర్త్ ఉన్న పరికరానికి లీకేజీ 3.5 మిల్లీ ఆంపియర్లకు మించకూడదన్నది ప్రమాణాల్లోని మామూలు హద్దు. అంతకు మించి పారే పరికరం మీద, లీకేజీ ఎక్కువ ఉంటుందనీ ఎర్త్ కలిపాకే సరఫరా ఇవ్వాలనీ హెచ్చరిక రాసి ఉండాలి. మీ ఎలక్ట్రీషియన్ గారిని సాకెట్టు దగ్గర ఎర్త్ లూప్ నిరోధం (లోపం వచ్చినప్పుడు కరెంటు ఎర్త్ గుండా తిరిగి వెళ్లే దారి నిరోధం) కొలవమనండి. టెస్టర్ వెలుగును బట్టి నిర్ణయాలు తీసుకోవద్దు. న్యూట్రల్‌నే తెచ్చి ఎర్త్ పిన్నుకు కలిపితే సరిపోతుందని ఎవరైనా సలహా ఇస్తే ఒప్పుకోకండి. ఆ న్యూట్రల్ ఎక్కడైనా తెగిన రోజు ర్యాకంతా ఫేజ్ అయి కూర్చుంటుంది.

ప్రశ్న: ఆరు యంత్రాల వరకు బాగానే నడిచింది. కొత్తగా నాలుగు కలిపిన దగ్గర్నుంచి 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు ఎర్త్‌కు లీకైతే సరఫరా ఆపే స్విచ్చి) ఏ లోపమూ లేకుండా మాటిమాటికీ ట్రిప్ అవుతోంది. 300 మిల్లీ ఆంపియర్లది వేసుకోవచ్చా?

జవాబు: మనుషుల ప్రాణరక్షణకు 30 మిల్లీ ఆంపియర్లది. 300ది ప్రధానంగా అగ్నిప్రమాదం నుంచి కాపాడటానికి పెట్టేది. దాన్ని దీని బదులు వాడటం కుదరదు.

మీ దగ్గర జరుగుతున్నది కూడిక లెక్కే. 30 అని రాసి ఉన్న ఆర్‌సీసీబీ 15కీ 30కీ మధ్య ఎక్కడైనా పడవచ్చు, ప్రమాణమే అందుకు అనుమతిస్తుంది. ఒక్కో యంత్రం లీకేజీ 1.5 మిల్లీ ఆంపియర్లు అనుకుంటే పదింటికి 15 అవుతుంది, అంటే సరిగ్గా పడే అంచుకు చేరారు. మామూలుగా పారే లీకేజీ ఆర్‌సీసీబీ రేటింగులో 30 శాతం, అంటే 9 మిల్లీ ఆంపియర్లు దాటకుండా సర్క్యూట్లు విడగొట్టుకోవాలన్నది మంచి నియమం. ఈ లెక్కన ఒక్కో ఆర్‌సీసీబీకి ఆరు యంత్రాలే. మీ అనుభవం కూడా అదే చెప్తోంది.

అయితే విడగొట్టే ముందు కొలవండి. లీకేజీ కొలిచే క్లాంప్ మీటరును ఫేజ్, న్యూట్రల్ తీగలు రెండింటికీ కలిపి తగిలిస్తే వెళ్లేదీ వచ్చేదీ కొట్టుకుపోయి తేడా మాత్రం కనిపిస్తుంది. పది యంత్రాలకూ ఇలా కొలిచి రాసుకోండి. తొమ్మిది ఒకేలా ఉండి ఒకటి నాలుగైదు రెట్లు చూపిస్తే అప్పుడది కూడిక సమస్య కాదు, ఆ ఒక్క యంత్రంలోనే లోపం ఉంది. దాన్ని పక్కన పెట్టి మెగ్గర్ పరీక్ష చేయించాలి. కరెంటు పోయి వచ్చినప్పుడు మాత్రమే ట్రిప్ అవుతుంటే, యంత్రాలన్నీ ఒకేసారి మొదలవడమే కారణం కావచ్చు. వాటిని కొన్ని సెకన్ల తేడాతో ఒక్కొక్కటిగా మొదలుపెట్టే ఏర్పాటు చేసుకోండి. కొత్త ఆర్‌సీసీబీలు కొనేటప్పుడు ‘ఏసీ’ (AC) రకం కాకుండా కనీసం ‘ఏ’ (A) రకం తీసుకోండి. ఎలక్ట్రానిక్ పరికరాల లీకేజీలో ఉండే డీసీ తునకలను ఏసీ రకం సరిగా పట్టుకోలేకపోవచ్చు.

ప్రశ్న: ఆంట్‌మైనర్ ఎస్19 అనే మైనింగ్ యంత్రం ఒకటి 16 ఆంపియర్ల సాకెట్టులో నడుస్తోంది. నాలుగైదు గంటలయ్యాక ప్లగ్గు చేత్తో పట్టుకోలేనంతగా కాలుతోంది. బ్రేకరు మాత్రం ఒక్కసారీ పడలేదు. బ్రేకరు పాడైందా?

జవాబు: బ్రేకరు బాగానే ఉండి ఉంటుంది. ఈ రకం లోపాన్ని అది పట్టుకోలేదు. మైనింగ్ గదుల్లో నన్ను అన్నింటికంటే కలవరపెట్టే లోపం ఇదే కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను.

ఆంట్‌మైనర్ ఎస్19 సుమారు 3250 వాట్లు తీసుకుంటుంది. 230 వోల్టుల దగ్గర అది 14.1 ఆంపియర్లు. ఈ పవర్ సప్లైలు వోల్టేజీ తగ్గినా తీసుకునే శక్తిని తగ్గించుకోవు, అందుకు బదులు కరెంటు పెంచుకుంటాయి. సరఫరా 200 వోల్టులకు పడిపోతే అదే యంత్రం 16.25 ఆంపియర్లు లాగుతుంది. మీ సాకెట్టు హద్దు అక్కడే దాటిపోయింది. 16 ఆంపియర్ల బ్రేకరు దీనికి పడదు, ఎందుకంటే అది తన రేటింగుకు 1.13 రెట్ల దాకా, అంటే 18 ఆంపియర్ల దాకా కనీసం గంటసేపు పడకుండా నిలవాలని ప్రమాణమే చెప్తోంది. మూడు గంటలకు మించి ఆగకుండా నడిచే లోడు బ్రేకరు రేటింగులో 80 శాతం దాటకూడదని అమెరికా విద్యుత్ నియమావళిలో ఉంది. మీరు ఏ దేశంలో ఉన్నా మైనింగ్ యంత్రానికి ఈ లెక్కే పాటించమని నా సలహా. 16లో 80 శాతం 12.8. అందువల్ల ఎస్19కి 16 ఆంపియర్ల సర్క్యూట్ చాలదు. దానికి తగిన తీగతో, సాకెట్టుతో 20 ఆంపియర్ల సర్క్యూట్ విడిగా వేయించాలి.

ఇక ప్లగ్గు కాలడం. అది పిన్నుకూ సాకెట్టు లోపలి రేకుకూ మధ్య లూజ్ కాంటాక్ట్. అక్కడ 0.05 ఓం నిరోధం ఉందనుకోండి. 14.1 ఆంపియర్ల కరెంటుకు వర్గం దాదాపు 200, దాన్ని 0.05తో గుణిస్తే 10 వాట్లు. వేలి గోరంత చోటులో, ప్లాస్టిక్ మధ్యలో, పగలూ రాత్రీ 10 వాట్ల వేడి పుడుతోంది. ఆ వేడికి సాకెట్టులోని స్ప్రింగు రేకు మెత్తబడి పట్టు కోల్పోతుంది, లోహం మీద నల్లటి పొర కడుతుంది, నిరోధం ఇంకా పెరుగుతుంది, వేడి ఇంకా పెరుగుతుంది. ఇదంతా జరుగుతున్నా బ్రేకరుకు కనిపించే కరెంటు 14 ఆంపియర్లే. అందుకే అది పడదు.

దీన్ని పట్టుకునే పరీక్ష ఒకటే. యంత్రాన్ని పూర్తి లోడు మీద కనీసం రెండు మూడు గంటలు నడిపి, వేడి ఇక పెరగకుండా నిలకడకు వచ్చాక థర్మల్ కెమెరాతో బ్రేకరు టెర్మినళ్ల నుంచి యంత్రం వెనక సాకెట్టు దాకా ప్రతి అతుకునూ చూడాలి. మొదలుపెట్టిన పది నిమిషాలకే చూసి బాగుందనుకోవడం వల్ల ప్రయోజనం లేదు. మెరిసే లోహం అసలు వేడి కంటే తక్కువ చూపిస్తుంది కాబట్టి, సరఫరా ఆపి ఉన్నప్పుడే, వైరు ఇన్సులేషన్ మీదో ప్లాస్టిక్ భాగం మీదో నల్ల టేపు ముక్క అంటించి, తర్వాత అక్కడ కొలవాలి. అంకె కంటే పోలిక ఎక్కువ చెప్తుంది. ఒకే లోడు మోస్తున్న రెండు ఒకే రకం అతుకుల్లో ఒకటి మిగతాదాని కంటే స్పష్టంగా వేడిగా ఉంటే, దాని వేడి హద్దులోపలే ఉన్నా దాన్ని విప్పి చూడాల్సిందే. మామూలు పీవీసీ తీగ ఇన్సులేషన్ 70 డిగ్రీలకు మించి ఆగకుండా నిలవదని గుర్తుంచుకోండి.

కాలిన ప్లగ్గును శుభ్రం చేసి మళ్లీ వాడవద్దు, సాకెట్టుతో సహా మార్చండి. ఒక్క మాట ఎక్స్‌టెన్షన్ బోర్డుల గురించి. ఎస్19కి రెండు తీగలుంటాయి, ఒక్కో తీగ మీద 7 ఆంపియర్లు పడుతుంది కాబట్టి 10 ఆంపియర్ల సీ13 కనెక్టరుకు (కంప్యూటర్ పవర్ తీగ చివర మామూలుగా ఉండే రకానికి) అది సమ్మతమే. ఆ రెండింటినీ తెచ్చి 10 ఆంపియర్ల ఎక్స్‌టెన్షన్ బోర్డు ఒక్కదానికే తగిలిస్తే మొత్తం 14 ఆంపియర్లూ దాని తీగ మీదే పడతాయి. మైనింగ్ యంత్రానికి ఎక్స్‌టెన్షన్ బోర్డు అసలు వద్దు.

ప్రశ్న: 2022 సెప్టెంబరులో ఎథీరియం అనే క్రిప్టో నాణెం మైనింగ్ ఆగిపోయాక చవగ్గా వచ్చిన గ్రాఫిక్స్ కార్డుల రిగ్ (చాలా కార్డులు కలిపిన మైనింగ్ కంప్యూటర్) ఒకటి తీసుకుని వేరే నాణేలకు వాడుతున్నాను. రైజరుకు (కార్డును మదర్‌బోర్డుకు కలిపే పొడిగింపు ముక్కకు) కరెంటు ఇచ్చే సాటా కనెక్టరు (హార్డ్ డిస్కులకు వాడే రకం) కరిగిపోయింది. కనెక్టరు మారిస్తే సరిపోతుందా?

జవాబు: సరిపోదు, మార్చింది కూడా కరుగుతుంది. సాటా కనెక్టరులో 12 వోల్టులకు మూడు పిన్నులే ఉంటాయి, ఒక్కోటి 1.5 ఆంపియర్లు మోయగలదు. మొత్తం 54 వాట్లు. కార్డు తన స్లాటు నుంచి, ఇక్కడైతే రైజరు నుంచి, 75 వాట్ల దాకా తీసుకోవడానికి ప్రమాణం అనుమతిస్తుంది. మైనింగ్‌లో కార్డు గంటల తరబడి ఆ పై హద్దు దగ్గరే ఉండవచ్చు. 75 వాట్లకు సరిపోయే ఆరు పిన్నుల కనెక్టరున్న రైజర్లు తీసుకోండి, పవర్ సప్లై నుంచి నేరుగా తీగ వేయండి, మధ్యలో మార్పిడి కనెక్టర్లు పెట్టకండి. రిగ్‌కు రెండు పవర్ సప్లైలుంటే ఒక కార్డుకూ దాని రైజరుకూ ఒకే సప్లై నుంచి ఇవ్వాలి. తర్వాత డీసీ కొలిచే క్లాంప్ మీటరుతో ప్రతి 12 వోల్టుల తీగ కట్టనూ పూర్తి లోడు మీద కొలిచి చూడండి. 12 వోల్టులే కదా, షాక్ కొట్టదు కదా అని ఈ వైపును చాలామంది పరీక్షల్లోంచి వదిలేస్తారు. షాక్ కొట్టదు, కానీ నిప్పు ఇక్కడి నుంచే పుట్టవచ్చు. తక్కువ వోల్టేజీ దగ్గర అదే శక్తికి కరెంటు ఎన్నో రెట్లు ఎక్కువ ఉంటుంది. పవర్ సప్లై డబ్బాను మాత్రం విప్పకండి. ప్లగ్గు తీసిన తర్వాత కూడా లోపలి పెద్ద కెపాసిటరులో 400 వోల్టుల దరిదాపు డీసీ కొంతసేపు నిలిచి ఉంటుంది.